తెరపై వ్రాఁత: రక్షణము, లోపము, పునఃస్థాపనము

ఉపక్రమము

వ్రాసినదానిని నిలుపుకొనుట, తప్పుపడినదానిని తొలఁగించుట, తొలఁగించినదానిని మరలఁ దెచ్చుకొనుట అను నీ మూఁడు పనులును వ్రాఁత పుట్టిననాఁటినుండి లేఖకుల వెంట వచ్చుచున్నవి. సాధనము మాఱినప్పుడెల్ల ఈ మూఁటి స్వరూపమును మాఱినది.

తాటియాకుపై గంటముతో వ్రాయు లేఖకునకుఁ దుడుచుట యనునది లేదు. ఆకులోనికి దిగిన గీఁత మరలఁ బూడదు. తప్పు పడినచోట అతఁడు ఆ యక్షరమును గొట్టివేయును; విడిచిపోయినదానిని హంసపాదముంచి పంక్తికి మీఁదనో క్రిందనో చేర్చును. కావున తాళపత్రమునందుఁ దప్పును, దిద్దుబాటును రెండును జదువరి కంటఁబడుచునే యుండును. కాగితముపై వ్రాసిన ఔత్తరాహ లేఖకులు తప్పుపడినచోట హరితాళము పూసి కప్పి, దానిపైఁ గ్రొత్త యక్షరము వ్రాయుచుండిరి. బడిపిల్లవాని పలక యీ రెండింటికిని భిన్నము. తడిచేతితోఁ దుడిచినంతనే తప్పును ఒప్పును గూడ నిశ్శేషముగఁ బోవును; పంతులుగారు మరల అడిగినను దానిని జూపుటకు వలనుపడదు.

కంప్యూటరు తెర చూపునకుఁ బలకవంటిది. ఒక మీట నొక్కినంతనే అక్షరము మాయమగును. దాని చోట గీఁత గాని మచ్చ గాని నిలువదు. కాని తెరవెనుక జరుగునది వేఱు. గడచిన యఱువదేండ్ల చరిత్రమును బరిశీలించినచో ఒక విషయము స్పష్టమగును: తెర పలకగానే యుండఁగా, దాని వెనుకనున్న యంత్రము క్రమక్రమముగఁ దాళపత్రమైనది. ఈ మార్పు లేఖకునకు అభయము నిచ్చినది. దానితోఁబాటు క్రొత్త చిక్కులను గూడఁ దెచ్చినది. ఆ చరిత్రమును ఆ చిక్కులను నిరూపించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ముందుగా రెండు మాటలు తెలియవలెను. యంత్రమునందు వ్రాఁతకు రెండు తావులు కలవు. మొదటిది విద్యుత్తు ఉన్నంతవఱకే నిలుచు తాత్కాలికమైన స్మృతి. రెండవది విద్యుత్తు పోయినను నిలుచు డిస్కు. మనుష్యుఁడు వ్రాయునది మొదట స్మృతియందే యుండును. దానిని డిస్కునకుఁ జేర్చుటకు ‘సేవ్’ అని పేరు, ఇదియే రక్షణము. జరిగిన పనిని జరుగనట్లు చేసి వెనుకటి స్థితిని దెచ్చుటకు ‘అన్‌డూ’ అని పేరు, ఇది పునఃస్థాపనము. లోపమనఁగా నేమో ముందు విచారింపఁబడును.

చిల్లులచేఁ దుడుచుట

తెరలు రాకమునుపు యంత్రమునకు వ్రాఁతను అందించుటకుఁ జిల్లులు పొడిచిన కార్డులును, పొడవైన కాగితపు పట్టీలును వాడుకయందుండెను. పట్టీపై నొక్కొక్క యక్షరమునకు అడ్డముగా నొక వరుస యుండును. ఆ వరుసలో నేయే తావులయందుఁ జిల్లులున్నవో దానినిబట్టి అక్షరము తెలియును. పొడిచిన చిల్లిని మరలఁ బూడ్చుట సాధ్యము కాదు. ఇట్టియెడఁ దప్పుపడిన యక్షరమును దుడుచుట యెట్లు?

దీనికిఁ గనిపెట్టిన యుపాయము మిగుల చమత్కారమైనది. ఆ వరుసలోఁ జిల్లులు లేని తావులయందును జిల్లులు పొడిచి, వరుస నంతటిని నింపివేయుదురు. అన్ని తావులు చిల్లులుగా నున్న వరుసను యంత్రము లెక్కింపక దాఁటిపోవును. 1963వ సంవత్సరమున అమెరికాదేశమున ఏర్పడిన ‘ఆస్కీ’ అను అక్షరసంకేతపద్ధతియందు ఏడు తావులు కలవు. అందు ఏడును జిల్లులైన సంకేతము 127వది. దానికి ‘డిలీట్’ అని పేరు. నేఁటి మీటలపలకపై నున్న డిలీట్ మీఁటకు మూలమైన పేరిదియే.

ఇచ్చట తొలఁగించుట యనఁగాఁ దీసివేయుట గాదు, చేర్చుట. తాళపత్రలేఖకుఁడు తప్పుపై నింకొక గీఁత గీసినట్లే, పట్టీపైఁ బనిచేయువాఁడు తప్పుపై మఱికొన్ని చిల్లులు పొడిచెను. భేద మొక్కటి కలదు. తాళపత్రమునఁ గొట్టివేసిన యక్షరము నింకను జదువవచ్చును. నిండుచిల్లుల వరుసయందు మొదట నే యక్షరముండెనో యెవ్వరును జెప్పఁజాలరు. తొలఁగింపు జరిగిన గుఱుతు నిలిచెను గాని, తొలఁగింపఁబడినది నిలువలేదు.

వెనుకకు మరలు మార్గము

తెరపై వ్రాసి దిద్దుకొను పద్ధతి 1960ల నడుమ అమెరికాలోని కొన్ని విశ్వవిద్యాలయములందును బరిశోధనాలయములందును రూపుదాల్చెను. 1968వ సంవత్సరము డిసెంబరు 9వ తేదిని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ‘మౌసు’ అను చేతిపరికరముతోఁ దెరపైఁ బదములను జేర్చుట, జరుపుట, తొలఁగించుట పండితసభకుఁ బ్రదర్శించి చూపెను. అదే కాలమున ప్రావిడెన్సు నగరమందలి బ్రౌన్ విశ్వవిద్యాలయమున ఆండ్రీస్ వాన్ డామ్ అను ఆచార్యుఁడు శిష్యులతోఁ గూడి ‘ఫ్రెస్’ అను గ్రంథసంస్కరణసాధనమును నిర్మింప మొదలిడెను.

వెనుకకు మరలు నుపాయము కల సాధనములలో ఫ్రెస్ మొదటివానిలోనిది. వ్రాయువాఁడు చేసిన మార్పు నేరుగా మూలమునకు ఎక్కదు. మూలమునకు నీడవంటి వేఱొక ప్రతి యుండును. మార్పు మొదట దానియందు జరుగును. ఈ యేర్పాటుచేత రెండు ఫలములు సిద్ధించినవి. వ్రాయువాఁడు అడుగకయే వ్రాఁత భద్రమగుచుండెను. చేసిన మార్పు తప్పని తోఁచినచోఁ దత్పూర్వస్థితికి మరలవచ్చును. రక్షణమును పునఃస్థాపనమును ఒకే వేరునుండి పుట్టిన రెండు కొమ్మలని ఈ సాధనము నిరూపించినది. పాతదానిని నిలిపియుంచినఁగాని పాతదానికి మరలుట పొసఁగదు గదా.

వారెన్ టైటెల్‌మన్ అను మఱియొక విద్వాంసుఁడు ‘లిస్ప్’ అను యంత్రభాషయందుఁ బనిచేయువారికై యీ భావమును మఱింత దూరము కొనిపోయెను. 1972 ప్రాంతమున నతఁడు వివరించిన ‘ప్రోగ్రామర్స్ అసిస్టెంట్’ అను సాధనము, మనుష్యుఁడిచ్చిన యాజ్ఞలన్నింటిని వరుసగా నొక చరిత్రపట్టికయందు వ్రాసికొనును. వానిలోఁ దలఁచినదానిని రద్దుపఱుపవచ్చును. అంతేకాదు, ‘అన్‌డూ’ అనునదియు నొక యాజ్ఞయే గావున, దానిని గూడ రద్దుపఱుపవచ్చును. తప్పు దిద్దుటలోఁ దప్పు పడినచో దానికిని దిద్దుబాటు కలదన్నమాట.

1976వ సంవత్సరమున ఐ.బి.యం. సంస్థవారి పరిశోధనాలయమునకుఁ జెందిన లాన్స్ మిల్లర్, జాన్ థామస్ అనువారు యంత్రములతోఁ బనిచేయు మనుష్యుల నడవడిని గూర్చి యొక నివేదికను వ్రాసిరి. కనీసము కడపటి యాజ్ఞనైన వెనుకకుఁ దీసికొను సౌకర్యముండుట ప్రయోజనకరమని వారందుఁ జెప్పిరి. ఆనాఁటికి నీ సౌకర్యము కొన్ని పరిశోధనాలయములను దాఁటి రాలేదని దీనివలన స్పష్టము.

పాలో ఆల్టో నగరమందలి యత్నము

కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో నగరమున జిరాక్సు సంస్థవారి పరిశోధనాలయ ముండెను. అచ్చట 1973వ సంవత్సరమున ‘ఆల్టో’ అను కంప్యూటరు నిర్మింపఁబడెను. దాని తెర కాగితమువలె నిలువుగా నుండెను; అడ్డముగా 606, నిలువుగా 808 చుక్కలు. వానిచే నే యక్షరరూపమునైనఁ జిత్రింపవచ్చును. ఈ యంత్రమునకై బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోనీ మున్నగువారు 1974లో ‘బ్రావో’ అను లేఖనసాధనమును రచించిరి.

బ్రావోయందు మీఁటలకు రెండర్థములుండెను. ఒక స్థితిలో మీఁట నొక్కిన అక్షరము పడును. వేఱొక స్థితిలో అదే మీఁట యొక యాజ్ఞ యగును. స్థితిని మఱచినవానికి నపాయము తప్పదు. దీనిని గూర్చి ప్రసిద్ధమైన యుదాహరణ మొకటి కలదు. సంస్కరించుట యను నర్థము గల ‘ఎడిట్’ అను నాలుగక్షరముల ఆంగ్లపదమును బొరపాటున ఆజ్ఞాస్థితియందుఁ గొట్టినచో, మొదటి యక్షరము గ్రంథమంతటిని ఎన్నుకొనును. రెండవది దానిని తొలఁగించును. మూఁడవది క్రొత్తవ్రాఁత మొదలిడుమనును. నాలుగవది వ్రాఁతగాఁ బడును. గ్రంథమంతయుఁ బోయి ‘టి’ అను నొక్క యక్షరము మిగులును. సంస్కరింపఁబోయినవానికి సర్వనాశము ప్రాప్తించునన్నమాట.

అయినను బ్రావో లోపలి నిర్మాణము నాశమునకుఁ బ్రతికూలమైనది. దానికి మూలము జె. స్ట్రాదర్ మూర్ అను విద్వాంసుని యూహ. తెఱచిన గ్రంథపు మూలపాఠమును యంత్రము తాఁకదు. క్రొత్తగా వ్రాసినదానిని వేఱొక తావున వరుసగా చేర్చుచుఁ బోవును. ఈ రెండింటికిని సూచికగా నొక పట్టిక యుండును. ఏ తావునుండి, ఎచ్చట మొదలిడి, ఎన్ని యక్షరములు చూపవలెనో ఆ పట్టిక చెప్పును. తెరపైఁ గనఁబడు గ్రంథము ఆ పట్టిక చెప్పిన ముక్కల కూర్పు మాత్రమే.

ఉదాహరణమునకు ‘శిష్యుఁడు ప్రాతఃకాలమున పాఠము చదివెను’ అను వాక్యము మూలమునఁ గలదనుకొందము. దానినుండి ‘ప్రాతఃకాలమున’ అను పదమును తొలఁగింపఁ గోరినచో, యంత్రము మూలమును జెఱుపదు. పట్టికయందు మొదట నొకటిగా నున్న పంక్తిని రెండు చేయును: ‘శిష్యుఁడు’ అనునంతవఱకు నొకటి, ‘పాఠము’ మొదలుకొని యింకొకటి. నడుమ పదము ఉన్నచోటనే యుండును; చూపఁబడదు, అంతే. అన్‌డూ చేయుటకుఁ బాత పట్టికను మరలఁ బెట్టిన సరిపోవును.

వ్యాకరణము చదివినవారికి ఈ పద్ధతి క్రొత్తగాఁ దోఁపదు. పాణిని లోపమును నాశమని చెప్పలేదు. ఉండవలసినది కనఁబడకుండుట యని నిర్వచించెను. లోపించిన ప్రత్యయము కనఁబడకున్నను దన్నిమిత్తమైన కార్యము జరుగుననియు శాస్త్రము విధించినది. ‘అగ్నిచిత్’ అను శబ్దమునఁ గ్విప్ ప్రత్యయము పూర్ణముగ లోపించినను, దానిని బట్టి వచ్చిన తుగాగమపుఁ దకారము కడపట నిలిచియున్నది. బ్రావోయందుఁ బదమును తొలఁగించుట సరిగా నిట్టి లోపమే. పదము పోలేదు, అదర్శనమును బొందినది. అది యింకను గార్యకారి యగుననుట ముందు ప్రకరణములయందుఁ దెలియఁగలదు.

బ్రావోయందు మఱియొక రక్షణోపాయముండెను. మనుష్యుఁడు నొక్కిన మీఁటల వరుసను యంత్రము వేఱుగా వ్రాసికొనుచుండెను. నడుమ యంత్రము చెడిపోయినచో, ఆ వరుసను మొదటినుండి మరల నడిపించి, పోయిన పనిని దిరిగి సంపాదింపవచ్చును.

అదే పరిశోధనాలయమున లారీ టెస్లర్, టిమ్ మాట్ అనువారు 1974, 1975 సంవత్సరములందు ‘జిప్సీ’ అను సాధనమును రచించిరి. ఇది బోస్టన్ సమీపమందలి గిన్ అను పాఠ్యపుస్తక ప్రకాశకులకై చేయఁబడినది. ఆ ప్రకాశకుల సంస్కర్తలు కత్తెరతోఁ గాగితమును గోసి, జిగురుతో వేఱొకచోట నంటించి ప్రతులను సిద్ధపఱచుచుండిరి. దానిని అనుసరించియే ‘కట్’, ‘పేస్ట్’ అను నాజ్ఞ లేర్పడెను. కోసిన ముక్క యొక ప్రత్యేకస్థానమున భద్రముగ నుండి, అంటించుమనువఱకు వేచియుండును. పాఠ్యపుస్తకములు దిద్దిన పండితుల చేతిపనియే నేఁడు లోకమంతటను గోట్లకొలఁది జనులు వాడు పరిభాష యైనది.

రక్షణభార మెవ్వరిది?

పరిశోధనాలయములు దాఁటి ఈ విద్య అంగడికి వచ్చినది 1980ల మొదట. 1981లో జిరాక్సువారి ‘స్టార్’ వెలువడెను. దాని మీటలపలకపై అన్‌డూకుఁ బ్రత్యేకముగ నొక మీఁట యుండెను. 1983 జనవరిలో ఆపిల్ సంస్థవారి ‘లీసా’ 9,995 డాలర్ల వెలకు వచ్చెను. 1984 జనవరి 24వ తేదిని అదే సంస్థవారి ‘మాకింతోష్’ 2,495 డాలర్లకు వచ్చెను. ఒకే సంస్థవారు ఏడాది తేడాలోఁ దెచ్చిన యీ రెండు యంత్రములు రక్షణవిషయమున రెండు భిన్నమార్గములఁ ద్రొక్కినవి.

లీసాయందు రక్షణభారములో హెచ్చుభాగము యంత్రముదే. విద్యుత్తు ఆఁపు మీఁటను నొక్కినచో యంత్రము వెంటనే చావదు. తెఱచియున్న పత్రములన్నింటిని డిస్కునకుఁ జేర్చి, సర్దిపెట్టి, ఆపైఁ దాను నిద్రించును. మరల మేల్కొల్పినపుడు బల్లపై నెచ్చటి వచ్చట నుండును. ‘సేవ్ చేసి లోపలఁబెట్టుము’, ‘సేవ్ చేసి కొనసాగింపుము’, ‘వెనుకటి ప్రతికి మరలుము’ అను నర్థముగల యాజ్ఞలు వేర్వేఱుగ నుండెను. వ్రాయువాఁడు తన పత్రమును బల్లపై విడిచి లేచిపోయినను బల్ల దానిని మ్రింగదన్న నమ్మకము దీనివలనఁ గలిగెను.

మాకింతోష్ చిన్నది, చవుకది. దాని స్మృతి 128 కిలోబైట్లు. లోపల స్థిరమైన డిస్కు లేదు. 400 కిలోబైట్లు పట్టు ఫ్లాపీయే దాని భాండాగారము. అందు సేవ్ అను నాజ్ఞ మనుష్యుఁడే యీయవలెను. మఱచి మూయఁబోయినచో యంత్రము ‘మార్పులను సేవ్ చేయవలెనా?’ యని యడుగును. విద్యుత్తు హఠాత్తుగఁ బోయినచో నడుగుటకుఁ గూడ నవకాశము లేదు. ఈ పద్ధతియే తరువాతి యంత్రములకు నొరవడియై, ఇరువదేండ్లకుఁ బైగా లోకమున నిలిచెను. ‘మాటిమాటికి సేవ్ చేయుఁడు’ అనునది కంప్యూటరు నేర్పు గురువుల ప్రథమోపదేశ మైనది. ఫ్లాపీలు వాడుకనుండి పోయిన తరువాతను, సేవ్‌నకు గుఱుతుగా ఫ్లాపీబొమ్మ యింకను అనేకసాధనములందుఁ గలదు. వస్తువు లోపించినను దాని కార్యము నిలిచినదనుటకు నిదియు నొక నిదర్శనము.

ఆ పద్ధతిని విమర్శించినవారును లేకపోలేదు. అలన్ కూపర్ 1995లో వెలువడిన తన గ్రంథమున, స్మృతి డిస్కు అను విభాగము యంత్రముయొక్క యవసరమే గాని మనుష్యునిది కాదనియు, ఆ భారమును మనుష్యునిపై మోపుట తగదనియు వాదించెను. జెఫ్ రాస్కిన్ 2000 సంవత్సరపు గ్రంథమున, మనుష్యుని పనికిఁ గీడు చేయకుండుటయు, ఊరకుండి కీడు జరుగనీయకుండుటయు యంత్రమునకుఁ బ్రథమధర్మమని చెప్పెను. అంతకుముందే బెన్ ష్నైడర్‌మన్ 1980లలో, చేసిన ప్రతి పనియు సులభముగ వెనుకకుఁ దీసికొనఁదగినదై యుండవలెనని సూత్రీకరించెను. వెనుకకు మార్గమున్నచో మనుష్యుఁడు భయములేక క్రొత్తవానిని ప్రయత్నించుననుట అతని యభిప్రాయము.

శూన్యము, ప్రథమము, పూర్వము

1990లలో వెబ్బు వ్యాపించినపుడు ఈ సమస్య క్రొత్తరూపమున వచ్చెను. గ్రంథమునకు మాఱుగా దరఖాస్తులు తెరపైకి వచ్చినవి: పేరు, ఊరు, వయస్సు మున్నగువానికి గడులు, క్రింద మీఁటలు. 1995 నవంబరునఁ బ్రకటింపఁబడిన ‘హెచ్.టి.యం.యల్. 2.0’ నిబంధనలయందు రెండు మీఁటలు చెప్పఁబడినవి. ‘సబ్మిట్’ నింపినదానిని బంపును. ‘రీసెట్’ గడులను మొదటి స్థితికిఁ దెచ్చును.

ఇచ్చట శబ్దార్థవిచార మావశ్యకము. తొలఁగింపు మూఁడు విధములు. గడి నంతటిని ఖాళీ చేయుట మొదటిది. దీనిని ‘క్లియర్’ అందురు, శూన్యీకరణము. దరఖాస్తు తెఱచినపుడు గడిలో నేది యుండెనో దానిని దెచ్చుట రెండవది. ఇది ‘రీసెట్’, ప్రథమావస్థ. కడపట సేవ్ చేసినపుడు నేది యుండెనో దానిని దెచ్చుట మూఁడవది. ఇది ‘రివర్ట్’, పూర్వరక్షితావస్థ. గడి మొదట ఖాళీగా నున్నచో మొదటి రెండును నొకటిగాఁ దోఁచును. గడిలో మొదటనే ‘హైదరాబాదు’ అని యుండి, దానిని ‘వరంగల్లు’ అని మార్చి సేవ్ చేసి, పిదప ‘నెల్లూరు’ అని మార్చినచో భేదము తెలియును. శూన్యీకరణమున నేమియు నుండదు. రీసెట్ చేసినచో, పుటను మరలఁ దెఱవకయే యున్నంతవఱకు, హైదరాబాదు వచ్చును. రివర్ట్ చేసినచో వరంగల్లు వచ్చును. మూఁడు ఫలములకును ఒక్క పేరు పెట్టినచో మనుష్యుఁడు మోసపోవును.

రీసెట్ మీఁటవలన మఱియొక కీడు కలిగినది. అది సబ్మిట్ ప్రక్కనే యుండుటచేతఁ బొరపాటునఁ దగిలెడిది. అఱగంట శ్రమించి నింపినదంతయుఁ దుడిచిపెట్టుకొనిపోయెడిది. దానికి అన్‌డూ లేదు. 2000 సంవత్సరము ఏప్రిలున జాకబ్ నీల్సన్ అను విమర్శకుఁడు, దరఖాస్తులలో హెచ్చుభాగము రీసెట్ మీఁటను దీసివేసినచో బాగుపడునని వ్రాసెను. తరువాతి నిర్మాతలు చాలవఱకు దానిని బాటించిరి. పరిశోధనాలయములలోఁ బూర్వమే కలిగిన జ్ఞానము, వెబ్బు దరఖాస్తులలోఁ గొన్నాళ్లు మఱవఁబడి, నష్టముల పిమ్మట మరల నేర్వఁబడినది. 2006 అక్టోబరున వెలువడిన ఫైర్‌ఫాక్స్ 2, యంత్రము హఠాత్తుగ నాఁగిపోయినను దెఱచియున్న పుటలను, గడులలోఁ గొట్టిన వ్రాఁతను మరలఁ దెచ్చుటకు నేర్పాటు చేసెను.

తెలుఁగక్షరమును దుడుచుట

తొలఁగింపునకు ‘ఒక యక్షరము’ ప్రమాణమన్నప్పుడు అక్షరమనఁగా నేమి యను ప్రశ్న పుట్టును. ఆంగ్లమున నిది చిక్కు గాదు. తెలుఁగున ‘క్షే’ అనునది చదువరికి నొకే యక్షరము; 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పునుండియు యంత్రమున నది నాలుగు సంకేతముల కూర్పు: కకారము, పొల్లు, షకారము, ఏత్వము. అనేకసాధనములందు వెనుకకుఁ దుడుచు మీఁటను ఒకమా ఱొక్కినచో ఏత్వము మాత్రము పోయి ‘క్ష’ మిగులును. మరల నొక్కినచో షకారము పోయి ‘క్’ అగును. పిదపఁ బొల్లు పోయి ‘క’ అగును. ముందుకుఁ దుడుచు డిలీట్ మీఁట యట్లు గాక అక్షరము నంతటిని నొక్కమాఱే తొలఁగించును.

దీనిని దోషమని త్రోసివేయుట తొందరపాటు. గుణింతపుఁ దప్పును దిద్దువానికి ఏత్వము మాత్రము పోవుటయే మేలు. అక్షరము నంతటిని మార్పఁగోరువానికి రెండవదియే మేలు. మొదటిది వర్ణమును, రెండవది అక్షరమును బ్రమాణముగఁ గొన్నది. వ్యాకరణమున వర్ణలోపమును, పదలోపమును వేఱుగ నుండునట్లే, తొలఁగింపునకును బ్రమాణభేద ముండుట సహజము. తెలియక వాడువానికే యిది చిక్కు.

ఆదేశమా, ఆగమమా?

2011 జూలైలో ఆపిల్ సంస్థవారు ‘లయన్’ అను కూర్పును వెలువరించి, సేవ్ భారమును మరల యంత్రమునకు అప్పగించిరి. వ్రాయుచుండఁగనే వ్రాఁత భద్రమగును. వెనుకటి ప్రతులును నిలువ యుండును. ‘సేవ్ యాజ్’ అను పాత యాజ్ఞ తీసివేయఁబడి ‘ప్రతి చేయుము’ అను నర్థముగల యాజ్ఞ వచ్చెను. పైకి నిది లీసా మార్గమునకుఁ దిరిగివచ్చుటయే. కాని వాడుకరులలో ననేకు లసంతృప్తులైరి. కారణము విచారింపఁదగినది.

పాత పత్రమును దెఱచి, కొంత మార్చి, వేఱొక పేరుతో సేవ్ చేయుట లేఖకుల యలవాటు. మూలము మూలముగ నుండును. క్రొత్తది వేఱుగ నుండును. తానంతట రక్షించు యంత్రమునందు, పేరు మార్చుటకు ముందే మార్పు మూలమున నెక్కును. 2012 జూలైలో తరువాతి కూర్పునందు సేవ్ యాజ్ మరల నీయఁబడినను, మొదట నది చేసిన మార్పులను క్రొత్త ప్రతియందే గాక మూలమునందును నిలుపుచుండెను. ఆ సెప్టెంబరున వచ్చిన సవరణయందు, మూలమున మార్పులు నిలుపవలెనా యని యడుగు నేర్పాటు చేరెను.

ఈ వివాదసారమును వ్యాకరణపరిభాషలో సులభముగఁ జెప్పవచ్చును. ఆదేశమును శత్రువుతోను, ఆగమమును మిత్రునితోను బోల్చుట పండితలోకమునఁ బ్రసిద్ధము. ఆదేశము పూర్వవర్ణమును ద్రోసి దాని స్థానమునఁ గూర్చుండును; ఆగమము దానిని నిలువనిచ్చి ప్రక్కనఁ జేరును. పాతదానిపై వ్రాయు సేవ్ ఆదేశము. పాతదానిని నిలిపి క్రొత్త ప్రతిని జేర్చు సేవ్ ఆగమము. లేఖకుఁడు ఆగమమనుకొన్నది యంత్రమునకు ఆదేశమైనచో మూలపాఠము నష్టమగును. పాఠభేదములను సేకరించి గ్రంథమును బరిష్కరించువారికి ఇది చిన్నవిషయము గాదు. తాళపత్రమునఁ గొట్టివేసిన పాఠమైనను గవి మొదటి యూహను దెలుపుటకు సాక్ష్యమగును. ఆదేశపద్ధతిచే నిర్మలముగఁ గనఁబడు కంప్యూటరు ప్రతియందు అట్టి సాక్ష్యము మృగ్యము.

దీనికి విపర్యయమును గలదు. బ్రావోను రచించిన సిమోనీ 1981లో మైక్రోసాఫ్ట్ సంస్థకుఁ జేరెను. ఆ సంస్థవారి ‘వర్డ్’ 1983లో వెలువడెను. దానియందును ముక్కల పట్టికయే మూలనిర్మాణము. దానియందలి ‘ఫాస్ట్ సేవ్’ అను పద్ధతిలో మార్పులు మాత్రమే పత్రము చివరఁ జేర్పఁబడుటచే, తొలఁగించిన వాక్యములు పత్రగర్భమునఁ బడియుండెడివి. తెరపైఁ గనఁబడవు, లోపల వెదకువానికి దొరకును. ఆ పద్ధతి తరువాతఁ దీసివేయఁబడెను. 2003 ఫిబ్రవరిలో ఇరాకుదేశమును గూర్చి బ్రిటిషు ప్రభుత్వము ప్రకటించిన వర్డ్ పత్రమున, దానిని దిద్దినవారి పేర్లును, కడపటి పది సేవ్‌ల వరుసయుఁ గర్భితముగ నుండి, బయటపడి, చర్చనీయాంశమయ్యెను. అదర్శనమును బొందినదానిని నశించినదిగాఁ దలఁచుటయే యీ పొరపాటునకు మూలము.

ఉపసంహారము

ఇంతవఱకుఁ జెప్పిన చరిత్రమువలనఁ దేలునది యేమనఁగా: చిల్లుల పట్టీనాఁడు తొలఁగింపు నాశము, ఫ్రెస్, బ్రావోలతో నది లోపమైనది. నాశమునకు మరలుట లేదు, లోపమునకుఁ గలదు. ఈ యొక్క భేదముచేతనే నేఁడు బాలుఁడైనను వృద్ధుఁడైనను వెఱపులేక తెరపై వ్రాసి, తుడిచి, మరలఁ దెచ్చుకొనఁగలుగుచున్నాఁడు. పలక తుడిచి యేడ్చిన పిల్లవాని దుఃఖము తీర్చిన విద్య యిది.

అయినను యంత్రమిచ్చిన యభయము లేఖకుని వివేకమునకు బదులు గాదు. తొలఁగింపు శూన్యమో, ప్రథమమో, పూర్వమో. సేవ్ ఆదేశమో, ఆగమమో. పోయినది నశించెనో, లోపించెనో యంత్రము స్పష్టముగఁ జెప్పవలెను. లేఖకుఁడు దానిని దెలిసికొనవలెను. నిలువవలసిన పాఠమునకుఁ బ్రత్యేకముగ నొక పేరును, తేదిని నుంచి వేఱుగ దాఁచుట పరిష్కర్తకు విధి. పోవలసినది నిజముగఁ బోయినదో లేదో చూచుకొనుట పత్రమును బయటికిఁ బంపువానికి విధి. తాళపత్రమునఁ దప్పును దిద్దుబాటును గంటికిఁ గనఁబడుచుండుటచే నీ రెండు విధులును లేఖకునకుఁ దేలికయయ్యెను. తెర రెండింటిని మఱుఁగుపఱచినది గావున, కంటితోఁ జూచినదానిని బుద్ధితోఁ జూడవలసిన భారము నేఁటి లేఖకునిపైఁ బడినది.